గుజ్జు డబ్బా

మే నెల. మిట్టూరులో మధ్యాహ్నం రెండున్నర.
షట్టరు సగం దించి
మూడు కిలోల తోతాపురి గుజ్జు డబ్బాకు
ఐదు బెజ్జాలు పొడిచినాను.
మూడిటికి నాబ్‌లు, రెండిటికి జాక్‌లు.
ఎంత కడిగినా అంచు మడతలో తీపి పోలేదు.
ఆసిలేటర్ ఎట్ట పలుకుతుందో విందామని
చీమలు ముందే వచ్చి కూర్చున్నాయి.

ధనంజయులన్న తన సింథసైజర్‌ను
పాత జంపఖానాలో చుట్టుకొని మోపెడ్ మీద తెచ్చినాడు.
నలభై ఏండ్ల నాటిది.
పక్క చెక్కలకు పెండ్లి పందిళ్ల పసుపు,
మీటల సందులో రెండు అక్షింతలు.
లోపల ఒకటే ఆసిలేటర్. ఒంటి గొంతు.
"ఇంకొకటి తోడు పలకాలమ్మే,
ఊరేగింపు ముందర నడిచేవాడి
పక్కటెముకలు అదరాల."

వెనకపక్క రెండు దారులుండాయి.
ఒకటి వోల్టును బయటికి పంపేది,
ఒకటి బయటి శబ్దాన్ని లోపలికి రానిచ్చేది.
ఇన్నేండ్లూ ఎవురూ వాటిని తట్టలేదు.
అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి
తుడిస్తే
ఏ ఊరి దుమ్మో, ఎర్రగా వచ్చింది.

పోయేదానికొక తీగ, వచ్చేదానికొక తీగ.
ఏ మీటకు ఎంత వోల్టో పోయే తీగ చెప్తుంది.
వోల్టు పెరిగితే ఒక స్థాయి ఎక్కాలని
రాత్రి రెండు దాకా మేలుకొని
డబ్బాకు నేర్పినాను.
అది పలికింది తెచ్చి
వచ్చే తీగ ఫిల్టర్‌లో పోస్తుంది.

అర్ధగంట కాగనిచ్చినాము.
వేడి కుదురుకోనిదే శ్రుతి కుదురుకోదు.

షడ్జమం నొక్కినాడు.
ఉయ్ ఉయ్ ఉయ్ ఉయ్ —
ఇరుకు సందులో ఎదురుపడిన రెండు ఆటోల మాదిరి
ఒకదాన్నొకటి తోసుకుంటా, వణుక్కుంటా.
"నీ డబ్బాదే తప్పు" అన్నాడన్న.
నాబ్ తిప్పినాను.
ఉయ్... ఉయ్...... ఉ...
ఆగింది. ఒక్క గొంతు, ఇంత లావు.
పై షడ్జమం నొక్కితే మళ్లీ విడిపోయినాయి.

మీటరు పెట్టి చూసినాను.
డబ్బా సరిగ్గానే ఎక్కుతా ఉంది.
పాతదే
మెట్టుమెట్టుకూ కొంచెం కుంగుతా వస్తా ఉంది.
లోపల స్క్రూ మీద వేసిన ఎర్ర లక్క
ఎప్పుడు పగిలిందో, ఏ గతుకులోనో.
"ఇన్నేండ్లూ తెలీలేదే" అన్నాడు.
ఒంటిగా ఉండేదానికి తప్పెట్ట తెలుస్తాదన్నా,
అందామనుకొని
స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాను.

అన్న కూర్చోలేదు.
టీ గ్లాసు చేతిలో ఉన్నట్టు మర్చిపోయి
చెంగల్రాయుడి సంగతి చెప్పినాడు.
క్లారినెట్. పదకొండేండ్లు పక్కన నిలబడి ఊదినాడు.
"పై స్థాయికి పోయినప్పుడల్లా
ఎక్కువ పోతాండావురా, దించరా అని
మైకు ఉండంగానే అరిచేవాణ్ణి.
బంగారుపాళెంలో రిసెప్షన్ నడిమధ్య
వాడు రీడు విప్పి, తుడిచి, జేబులో పెట్టుకొని
జనరేటర్ వెనకనుంచి ఎళ్లిపోయినాడు."
ఇప్పుడు పలమనేరు టమాటా మండీలో
లెక్కలు రాస్తాడంట.

నేను లక్క గీకి పావు చుట్టు తిప్పినాను.
వణుకు నిదానించింది.
పావులో పావు.
అన్న గోడకేసి తిరిగి ఫోను తీసినాడు.
నాలుగుసార్లు మోగింది.
పేరు చెప్పలేదు, బాగుండావా అనలేదు.
ఫోను స్పీకరు ముందర పెట్టి
పై షడ్జమం నొక్కి పట్టుకున్నాడు.

ఫోను గొంతును సన్నం చేస్తుంది,
శ్రుతిని మాత్రం ఏమీ చెయ్యలేదు.

అవతల పెట్టెలు దించే చప్పుడు,
వెనక్కొచ్చే లారీ, ఎవరో ఎవర్నో తిట్టడం.
తరవాత అవన్నీ ఒక్కసారే ఆగినాయి.
తలుపు మూసుకున్నాడేమో.

"ఇంకా తక్కువుండాది" అన్నాడు చెంగల్రాయుడు.
"కొత్తది కాదు. పాతది.
వెంట్రుకంత."

మీటరు చూసినాను. వెంట్రుకంతే.
అన్న మీట మీదనుంచి వేలు తియ్యలేదు.
నేను స్క్రూ ఎక్కించినాను.